ఆకాశంలో అద్దం ఉందని ఇంట్లో కూర్చునే చెప్పాడు.. రుజువు అచ్చయ్యే నెల ముందే పోయాడు: ఆలివర్ హెవిసైడ్ కథ

సముద్రమే లేని వికారాబాద్‌లో నేవీకి ఏం పని? 2024 అక్టోబర్‌లో చాలామంది అడిగిన ప్రశ్న ఇది. పూడూరు మండలం దామగుండం అడవిలో సుమారు 2,900 ఎకరాల్లో కట్టే నేవీ రేడియో స్టేషన్‌కి ఆ నెల 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ శంకుస్థాపన చేశారు. అడవి పోతుందని పర్యావరణ కార్యకర్తలు నిరసన తెలిపారు. ఆ చర్చ వేరు, చిన్నది కూడా కాదు. కానీ అప్పట్లో వాట్సాప్‌లో రాడార్ స్టేషన్ అని తిరిగిన పేరు మాత్రం కరెక్ట్ కాదు. అది వీఎల్ఎఫ్ స్టేషన్. వెరీ లో ఫ్రీక్వెన్సీ, అంటే చాలా తక్కువ పౌనఃపున్యం ఉండే రేడియో తరంగాలు పంపే కేంద్రం. నీళ్ల అడుగున తిరిగే సబ్‌మెరైన్లకు కబురు అందించడం దాని పని.

మరి తెలంగాణ నడిబొడ్డు నుంచి సముద్రంలోకి, అక్కడి నుంచి వేల కిలోమీటర్ల దూరానికి ఆ కబురు ఎలా పోతుంది? భూమి గుండ్రంగా ఉంది. రేడియో తరంగం వెలుతురు లాంటిదే, తిన్నగా పోయే రకం. అలా పోతే వికారాబాద్ కొండ దాటాక అంతరిక్షంలో కలిసిపోవాలి. కలవదు. ఎందుకంటే మన తలల మీద, దాదాపు 70 నుంచి 90 కిలోమీటర్ల ఎత్తులో, ఆ తరంగాన్ని పైకి పోనివ్వకుండా కిందికి తిప్పేసే పొర ఒకటి ఉంది. పేరు ఐనోస్ఫియర్. వికారాబాద్‌కి సముద్రం దగ్గరుందా లేదా అన్నది దానికి పెద్ద లెక్కలోది కాదు.

రేడియో తరంగాల్ని భూమి వంపు వెంట నడిపించే పొర పైన ఉండొచ్చని 1902లో రాసిన ఇద్దరిలో ఒకడు ఆలివర్ హెవిసైడ్. డిగ్రీ లేదు. 24 ఏళ్లకే ఉద్యోగం మానేశాడు, మళ్లీ చేరలేదు. చెవులు సరిగ్గా వినపడవు. ఆ మాట రాసేనాటికి ఇంగ్లండ్‌లోని ఒక చిన్న ఊళ్లో ఒంటరిగా ఉంటున్నాడు. ఆకాశం మీద ఒక్క ప్రయోగం కూడా చేయలేదు.

ఐదో ర్యాంకు కుర్రాడు, జామెట్రీలో మాత్రం వెనకే

1850 మే 18న లండన్‌లోని కామ్డెన్ టౌన్‌లో పుట్టాడు. నాన్న థామస్ చెక్క దిమ్మల మీద బొమ్మలు చెక్కేవాడు. పత్రికల్లో బొమ్మలు అచ్చు వేయాలంటే అప్పుడు ఆ దిమ్మలే కావాలి. డబ్బులకు ఎప్పుడూ కటకటే. అమ్మ రేచల్ ఇంట్లోనే చిన్న బడి నడిపేది. నలుగురు మగపిల్లల్లో ఆలివర్ ఆఖరివాడు.

చిన్నప్పుడే స్కార్లెట్ ఫీవర్ వచ్చింది. బతికి బయటపడ్డాడు కానీ వినికిడి దెబ్బతింది. వీధిలో పిల్లలు ఏం అరుస్తున్నారో వినపడని పిల్లాడు ఆటల్లో ఎంతసేపు నిలబడగలడు? ఒంటరితనం అలా అలవాటైపోయింది. పెద్దయ్యాక వినికిడి కొంత మెరుగుపడినా ఆ అలవాటు మాత్రం పోలేదు.

1865లో 500 మందికి పైగా రాసిన ఒక పరీక్షలో ఐదో స్థానం వచ్చింది. సైన్స్‌లో బహుమతి కూడా. మన దగ్గరైతే ఫ్లెక్సీ పడేది. జామెట్రీలో మాత్రం మార్కులు చాలా తక్కువ. ఎదురుగా కనిపిస్తున్న విషయానికి మెట్లు మెట్లుగా రుజువు రాయడం అంటే ఆయనకి ఒళ్లు మంట. ఈ గుణం జీవితాంతం ఉంది, జీవితాంతం ఖర్చు కూడా పెట్టించింది. 16 ఏళ్లకి చదువు ఆగిపోయింది. కాలేజీకి పంపే స్తోమత ఇంట్లో లేదు.

ఇక్కడ ఒక బంధుత్వం కలిసొచ్చింది. అమ్మ సోదరి భర్త చార్లెస్ వీట్‌స్టన్. టెలిగ్రాఫ్ కనిపెట్టిన వాళ్లలో ఒకడు. అన్న ఆర్థర్ లాగే ఆలివర్ కూడా ఆ దారే పట్టాడు. 1868లో డెన్మార్క్ వెళ్లి, ఇంగ్లండ్‌కీ డెన్మార్క్‌కీ మధ్య సముద్రం కింద వేసిన కేబుల్ మీద ఆపరేటర్‌గా చేరాడు. తర్వాత న్యూకాజిల్ వచ్చాడు. జీతం బాగానే ఉండేది. అందరూ చుక్కా గీతా కొట్టి జీతం తీసుకుంటుంటే ఈయనకి మాత్రం ఒక విషయం నిద్ర పట్టనివ్వలేదు. అదే కేబుల్, అవే నీళ్లు.. కానీ ఒకవైపు నుంచి పంపితే సందేశం వేగంగా పోతోంది, అటు నుంచి ఇటు పంపితే నెమ్మదిస్తోంది. ఎందుకు?

ఉద్యోగం వదిలేసి ఒక పుస్తకంతో ఇంటికి

1873లో జేమ్స్ క్లర్క్ మాక్స్‌వెల్ రాసిన విద్యుత్తు, అయస్కాంతత్వం పుస్తకం బయటికొచ్చింది. లైబ్రరీలో దాన్ని తిరగేసిన హెవిసైడ్‌కి అందులో లెక్కలు చాలావరకు అర్థం కాలేదు. స్కూల్లో నేర్చుకున్న ఆల్‌జీబ్రా కూడా సగం మర్చిపోయాడు. అయినా ఆ పుస్తకం లోతు తెలిసిపోయింది. 1874లో ఉద్యోగం వదిలేసి లండన్‌లో అమ్మానాన్నల ఇంటికొచ్చి గది తలుపు వేసుకున్నాడు. 24 ఏళ్ల కొడుకు మంచి ఉద్యోగం మానేసి ఇంట్లో కూర్చుంటే ఏమవుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ ఇంట్లో మాత్రం భరించారు.

ఏళ్ల తరబడి అదే పని. మాక్స్‌వెల్ 1879లో 48 ఏళ్లకే చనిపోయాడు. ఆయన సిద్ధాంతం 20 సమీకరణాల్లో, 20 తెలియని రాశుల్లో చిక్కుపడి ఉండిపోయింది. 1884, 85ల్లో హెవిసైడ్ దాన్ని విప్పి, దులిపి నాలుగు సమీకరణాలు చేశాడు. బీటెక్ ఈసీఈ చదివినవాళ్లకి ఈఎంటీఎల్ అనే సబ్జెక్టు గుర్తుండే ఉంటుంది, చాలామందికి బ్యాక్‌లాగ్‌తో సహా. అందులో మాక్స్‌వెల్ పేరుతో ఉండే నాలుగు సమీకరణాల రూపం హెవిసైడ్‌ది. రెండో సగంలో వచ్చే ట్రాన్స్‌మిషన్ లైన్ల సిద్ధాంతం హెవిసైడ్‌ది. ఇంపీడెన్స్, ఇండక్టెన్స్, కండక్టెన్స్ అనే మాటలు కూడా ఆయన పెట్టినవే. సిలబస్‌లో మనిషి పేరు మాత్రం ఎక్కడో ఒక మూల కనిపిస్తుంది.

ఆ లెక్కల్లోంచి ఆయనకి ఒక విషయం స్పష్టంగా కనిపించింది. ఈ కథకి అదే కీలకం. కరెంటు తీగ లోపల నీళ్ల పైపులో నీళ్లలా పారుతుందని అప్పటి ఇంజనీర్లు అనుకునేవాళ్లు. హెవిసైడ్ కాదన్నాడు. శక్తి పోయేది తీగ లోపల కాదు, తీగ చుట్టూ ఉన్న ఖాళీ జాగాలో. తీగ చేసే పని దారి చూపడమే. తీగ వంగితే తరంగం కూడా దాని వెంటే వంగుతుంది. రెండు తీగలుంటే తరంగం ఆ రెండింటి మధ్యలో పోతుంది. ఇదే విషయాన్ని జాన్ పాయింటింగ్ విడిగా, కాస్త ముందే చెప్పాడు. కానీ దాన్ని తీసుకెళ్లి కేబుళ్ల మీద పెట్టి లెక్కగట్టింది మాత్రం హెవిసైడే.

పోస్టాఫీసు పెద్దాయనతో గొడవ

ఆ రోజుల్లో టెలిఫోన్ లైన్ పొడుగైతే మాట ముద్దగా అయిపోయేది. 1887లో హెవిసైడ్ దానికి మందు కనిపెట్టాడు. లైన్‌లో ఇండక్టెన్స్ పెంచితే గొంతు చెడిపోకుండా చేరుతుందని లెక్కతో చూపించాడు. అప్పట్లో బ్రిటిష్ పోస్టాఫీసు టెలిగ్రాఫ్ విభాగంలో పెద్ద ఇంజనీర్ విలియం ప్రీస్. ఇండక్టెన్స్ అంటేనే లైన్‌కి శత్రువు అని బహిరంగంగా చెబుతున్న మనిషి. అన్న ఆర్థర్‌తో కలిసి ఆలివర్ రాసిన పేపర్ ప్రీస్ దగ్గరికి వెళ్లింది, అక్కడే ఆగిపోయింది. ఆర్థర్ ఆ పోస్టాఫీసు ఉద్యోగే కాబట్టి నోరెత్తలేకపోయాడు. ఆలివర్ వ్యాసాలు వేస్తూ వచ్చిన ఎలక్ట్రీషియన్ పత్రికలో ఎడిటర్ మారాడు, వ్యాసాలు ఆగాయి. ఆ పత్రిక ఇచ్చే ఏడాదికి 40 పౌండ్లే ఆయనకి ఆదాయం.

ప్రీస్‌ని విలన్ చేసేసి వదిలేయడం ఈజీ. కానీ హెవిసైడ్ రాత కూడా తక్కువదేం కాదు. మామూలు ఇంజనీర్‌కి ఒక్క పేజీ కూడా కొరుకుడు పడదు. పైగా మధ్యమధ్యలో ఎత్తిపొడుపులు. 1888 తర్వాత ఆలివర్ లాడ్జ్, విలియం థామ్సన్ లాంటి పెద్దలు ఆయన గొప్పతనాన్ని బయటికి చెప్పడంతో పరిస్థితి కాస్త మారింది. 1891లో రాయల్ సొసైటీ సభ్యత్వం ఇచ్చింది. ఆ తర్వాత కొన్నేళ్లకే, ఆయన గణిత పద్ధతికి సరైన రుజువుల్లేవని అదే సొసైటీ ఒక పేపర్‌ని వెనక్కి పంపేసింది. జామెట్రీ మార్కుల కథే మళ్లీ.

లైన్‌లో అక్కడక్కడా కాయిల్స్ పెట్టి ఇండక్టెన్స్ పెంచే పద్ధతికి 1900లో అమెరికాలో మైఖేల్ ప్యూపిన్ పేటెంట్ తెచ్చుకున్నాడు. ఏటీ అండ్ టీ కంపెనీ ఆయనకి మొత్తం మీద 4 లక్షల డాలర్లకు పైనే చెల్లించింది. హెవిసైడ్‌కి వచ్చింది సున్నా. దీనికి ఆయన పేటెంట్ తీసుకోలేదు.

అట్లాంటిక్ దాటిన మూడు చుక్కలు

1901 డిసెంబర్ 12. ఇంగ్లండ్ కొసన ఉన్న పోల్డూ నుంచి మూడు చుక్కలు, అంటే మోర్స్‌లో ఎస్ అక్షరం, గాల్లోకి వదిలారు. కెనడా వైపు న్యూఫౌండ్‌లాండ్‌లో గాలిపటానికి తీగ కట్టి కూర్చున్న మార్కోని అవి వినపడ్డాయని ప్రకటించాడు. దూరం దాదాపు 3,400 కిలోమీటర్లు. మధ్యలో ఉన్నది నీళ్లే అయినా, భూమి వంపు వల్ల ఆ నీళ్లే ఈ చివరికీ ఆ చివరికీ మధ్య వందల కిలోమీటర్ల ఎత్తు గుట్టలా అడ్డం నిలబడతాయి. తరంగం వంపు దగ్గర కొంచెం వంగుతుందని శాస్త్రవేత్తలకి తెలుసు. కానీ అంత వంగదు. లెక్క కుదరలేదు.

రెండు నెలలకి ఇంకో చిక్కు. 1902 ఫిబ్రవరిలో ఫిలడెల్ఫియా అనే ఓడలో అమెరికా వెళ్తూ మార్కోని సిగ్నల్స్ వింటూ పోయాడు. పగలు ఒక దూరం తర్వాత ఆగిపోతున్నాయి. రాత్రైతే దానికి రెట్టింపు దూరం పైనే వినపడుతున్నాయి. సూర్యుడికీ రేడియోకీ సంబంధం ఏంటో ఎవరికీ అంతుబట్టలేదు.

అప్పటికి హెవిసైడ్ వయసు 52. అమ్మానాన్న ఇద్దరూ పోయారు. న్యూటన్ అబాట్ అనే ఊళ్లో అద్దె ఇంట్లో ఒక్కడే. స్నేహితులు పట్టుబట్టి ఇప్పించిన ప్రభుత్వ పింఛను, ఏడాదికి 120 పౌండ్లు, దాని మీదే బతుకు. ఎన్‌సైక్లోపీడియా బ్రిటానికా పదో ఎడిషన్ కోసం టెలిగ్రాఫ్ సిద్ధాంతం మీద వ్యాసం అడిగారు. రాసి ఇచ్చాడు. 1902 డిసెంబర్‌లో అచ్చయింది.

వ్యాసం నిండా తీగల లెక్కలే. అందులో ఒకచోట, కొన్ని వాక్యాల్లో, ఆయన తీగల నుంచి తలెత్తి ఆకాశం వైపు చూశాడు. ఆలోచన ఇలా సాగింది. ఉప్పునీళ్లకి కరెంటు తీసుకెళ్లే గుణం ఉంది, కాబట్టి తీగ వెంట వంగినట్టే తరంగం సముద్రం వంపు వెంట కూడా వంగొచ్చు. పైన గాల్లో ఎక్కడో కరెంటు తీసుకెళ్లే పొర ఉంటే తరంగం దాన్ని కూడా పట్టుకుంటుంది. అప్పుడు కింద సముద్రం, పైన ఆ పొర, రెండూ కలిసి దారి చూపిస్తాయి. అంతే. మళ్లీ తీగల్లోకి వెళ్లిపోయాడు.

న్యూకాజిల్ కేబుల్ దగ్గర మొదలైన ప్రశ్న ఇక్కడ తేలింది చూడండి. ఆయన దృష్టిలో అట్లాంటిక్ కూడా ఒక పెద్ద కేబులే. ఒక తీగ నీళ్లు, ఇంకో తీగ ఆకాశం. ఉండొచ్చు అన్నాడే కానీ ఉందని అనలేదు. ఎత్తు ఎంతో కూడా చెప్పలేదు.

అదే ఏడాది మార్చిలోనే, అంటే ఇంకా ముందే, అమెరికాలో ఆర్థర్ కెన్నెలీ అనే ఇంజనీర్ దాదాపు ఇదే విషయాన్ని సుమారు 80 కిలోమీటర్ల ఎత్తు అని అంచనా వేసి మరీ అచ్చు వేయించాడు. కెన్నెలీ పుట్టింది మన ముంబైలోనే, 1861లో, కొలాబాలో. అందుకే ఆ పొరకి చాలాకాలం కెన్నెలీ-హెవిసైడ్ లేయర్ అనే పేరు నడిచింది. వాడుకలో హెవిసైడ్ లేయర్‌గా మిగిలింది. క్యాట్స్ అనే మ్యూజికల్ చూసినవాళ్లకి పిల్లులు చివర్లో వెళ్లే చోటుగా ఈ పేరు తెలిసే ఉంటుంది.

తక్కువ ఫ్రీక్వెన్సీకే ఎందుకు అంత బాగా తిరిగొస్తుంది?

సూర్యుడి నుంచి వచ్చే అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు పైన పల్చగా ఉన్న గాలి అణువులకి తగిలి వాటిలోంచి ఎలక్ట్రాన్లని ఊడగొడతాయి. అలా విడిపోయిన ఎలక్ట్రాన్ల వల్లే ఆ గాలికి కరెంటు తీసుకెళ్లే గుణం వస్తుంది. రేడియో తరంగం వచ్చినప్పుడు ఈ ఎలక్ట్రాన్లు దానితో పాటు ఊగుతాయి. ఊగే ఎలక్ట్రాన్ తిరిగి తరంగాన్ని విడుదల చేస్తుంది. అవన్నీ కలిసి, వచ్చిన తరంగాన్ని కిందికి మళ్లిస్తాయి.

ఊయల గుర్తు తెచ్చుకోండి. నిదానంగా తోస్తే ఊయల పెద్దగా ఊగుతుంది. చేతిని టకటకా అటూ ఇటూ ఆడిస్తే అది కదిలేలోపే చెయ్యి వెనక్కి వచ్చేస్తుంది. తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగం నిదానంగా తోసే చెయ్యి. ఎలక్ట్రాన్లు బాగా ఊగుతాయి కాబట్టి కొద్ది ఎలక్ట్రాన్లున్నా చాలు, తరంగం తిరిగొచ్చేస్తుంది. అందుకే పొర అడుగునే, ఎలక్ట్రాన్లు ఇంకా పల్చగా ఉన్నచోటే, పని అయిపోతుంది. పగలు దాదాపు 70 కిలోమీటర్ల దగ్గర, రాత్రి 90 దగ్గర.

ఇంకో సంగతి. వీఎల్ఎఫ్ అంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్. 18 కిలోహెర్ట్జ్ తరంగం తీసుకుంటే ఒక్క అల పొడవే 16 కిలోమీటర్లకు పైన. అంత పెద్ద అలకి ఆ పొర మెల్లమెల్లగా చిక్కబడే పొగమంచులా ఉండదు, ఒక్కసారిగా ఎదురొచ్చిన గోడలా ఉంటుంది. లోపలికి దూరి శక్తి పోగొట్టుకునేది తక్కువ. నేలకీ ఆ కప్పుకీ మధ్య ఖాళీ నాలుగైదు అలల ఎత్తు మాత్రమే. కాబట్టి తరంగం బంతిలా ఎగిరి పడుతూ పోతుంది అనడం కన్నా, గొట్టంలో పోయినట్టు పోతుంది అనడమే కరెక్ట్. హెవిసైడ్ ఊహించిన రెండు తీగల మధ్య దారి అదే.

మీడియం వేవ్ సంగతి వేరు. పగలు అది అడుగు పొరలోకి దూరిపోతుంది. అక్కడ గాలి ఇంకా కాస్త చిక్కగా ఉంటుంది కాబట్టి ఊగే ఎలక్ట్రాన్లు అణువుల్ని గుద్దుకుని శక్తిని వేడిగా మార్చేస్తాయి. పొద్దు గూకాక అడుగు పొర దాదాపు కరిగిపోతుంది. అప్పుడు తరంగం 100 కిలోమీటర్ల దగ్గరా ఆ పైనా ఉండే పొరల దాకా వెళ్లి తిరిగొస్తుంది. ఓడలో మార్కోనికి ఎదురైన పగలూ రాత్రీ చిక్కు ఇదే. మీ ఇంట్లో పెద్దవాళ్లని అడగండి. పగలు విజయవాడ కేంద్రం శుభ్రంగా పలికే రేడియోలో రాత్రయ్యేసరికి ఎక్కడెక్కడి భాషలో వచ్చి పడేవి. సెట్ పాడైందని రెండు తట్టేవాళ్లు కూడా. సెట్ బాగానే ఉండేది.

ఎఫ్ఎం, టీవీ సిగ్నల్స్ ఇంకా పైన. వాటి వేగానికి ఎలక్ట్రాన్లు ఊగే లోపే అవి దాటిపోతాయి. న్యూస్ చానల్ సిగ్నల్ శాటిలైట్ దాకా వెళ్లి రాగలుగుతోంది అంటే, ఈ పొర దాన్ని పట్టుకోలేకపోవడం వల్లే.

22 ఏళ్ల నిరీక్షణ

ఆ నాలుగు వాక్యాలు అచ్చయ్యాక రెండు దశాబ్దాలు రుజువు లేకుండానే గడిచాయి. ఈలోగా దూరం పోవాలంటే పొడవాటి అలలే దిక్కని దేశాలన్నీ కిలోమీటర్ల కొద్దీ తీగలు కట్టి భారీ స్టేషన్లు నిలబెట్టాయి. అవి పనిచేస్తున్నాయి. ఎందుకో మాత్రం గట్టిగా తెలియదు. 1918లో జి.ఎన్. వాట్సన్ అనే గణిత శాస్త్రవేత్త లెక్క వేసి, పైన ఏమీ లేకపోతే సముద్రాల మీద కొలిచినంత బలంగా సిగ్నల్ ఉండే ఛాన్సే లేదని తేల్చాడు. మరుసటి ఏడాది 100 కిలోమీటర్ల ఎత్తున కరెంటు తీసుకెళ్లే కప్పు ఒకటి ఉందనుకుని మళ్లీ లెక్క వేశాడు. కొలతలకి దగ్గరగా వచ్చేసింది. మన రామానుజన్ నోట్‌బుక్కుల మీద తర్వాత ఏళ్ల తరబడి కూర్చున్న వాట్సన్ ఈయనే.

హెవిసైడ్ అప్పటికి టార్కీ అనే సముద్రతీర ఊళ్లో ఉన్నాడు. 1908లో వదిన సోదరి మేరీ వే ఇంటికి మకాం మార్చాడు. ఆమె ఆయన్ని చూసుకోవాలన్నది ఏర్పాటు. జరిగింది తలకిందులు. ఆమె బయటికి వెళ్లాలన్నా ఆయన రూల్సే. చివరికి 1916లో ఆమే ఆ ఇల్లు వదిలి వెళ్లిపోయింది. మేధావి అన్న పేరు చాటున ఈ భాగాన్ని చాలామంది నవ్వుతూ దాటేస్తారు. ఆ ఏళ్లలో మేరీకి నవ్వొచ్చి ఉండదు.

ఆ తర్వాత ఆయన పూర్తిగా ఒక్కడే. గ్యాస్ కంపెనీతో బిల్లు గొడవ, చలికాలంలో గ్యాస్ కట్. వీధి పిల్లలు కిటికీల మీద రాళ్లు వేసేవాళ్లు. ఉత్తరాల్లో పేరు వెనక పురుగు అని అర్థం వచ్చేలా ఇంగ్లిష్ అక్షరాలు తగిలించి సంతకం పెట్టేవాడు. ఇంట్లో కుర్చీలూ బల్లల బదులు గ్రానైట్ రాళ్లు పెట్టుకున్నాడని, గోళ్లకి గులాబీ రంగు వేసుకునేవాడని చెబుతారు. కేంబ్రిడ్జ్ భౌతిక శాస్త్రవేత్త జి.ఎఫ్.సి. సర్ల్ లాంటి ఒకరిద్దరు స్నేహితులు మాత్రం రావడం మానలేదు. 1922లో ఎలక్ట్రికల్ ఇంజనీర్ల సంస్థ ఫారడే మెడల్ మొదలుపెట్టి, మొట్టమొదటిది ఆయనకే ఇచ్చింది. లండన్ రానని తెలుసు కాబట్టి సంస్థ అధ్యక్షుడే టార్కీ వెళ్లి అందించాడు. ఒకప్పుడు ప్రీస్ కూడా అదే సంస్థకి అధ్యక్షుడు.

డిసెంబర్ రాత్రి, ఫిబ్రవరి పొద్దు

1924 డిసెంబర్ 11 అర్ధరాత్రి. బీబీసీ ప్రోగ్రాములు ముగిశాక బోర్న్‌మత్ స్టేషన్‌ని ఎడ్వర్డ్ ఆపిల్టన్, ఆయన స్టూడెంట్ మైల్స్ బార్నెట్ ప్రయోగానికి అడిగి తీసుకున్నారు. రిసీవర్ ఆక్స్‌ఫర్డ్‌లో. ఆలోచన సింపుల్. నేల వెంట వచ్చే తరంగం ఒకటి, పైకి వెళ్లి తిరిగొచ్చేది ఇంకొకటి. రెండూ కలిసే చోట ఒకదానికొకటి తోడైతే సిగ్నల్ పెరుగుతుంది, ఎదురైతే తగ్గుతుంది. ట్రాన్స్‌మిటర్ ఫ్రీక్వెన్సీని మెల్లగా మారుస్తూ పోతే సిగ్నల్ అలా పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. ఎన్నిసార్లు పెరిగి తగ్గిందో లెక్కపెడితే రెండు దారుల మధ్య తేడా తెలుస్తుంది, దాన్నుంచి పొర ఎత్తు వచ్చేస్తుంది.

సిగ్నల్ పెరిగింది, తగ్గింది, మళ్లీ పెరిగింది. లెక్క వేస్తే సుమారు 90 కిలోమీటర్లు వచ్చింది.

టార్కీలో జనవరి మొదట్లో హెవిసైడ్ ఇంట్లో స్పృహ లేకుండా కనిపించాడు. నిచ్చెన మీద నుంచి పడ్డాడని అంటారు. నర్సింగ్ హోమ్‌కి తరలించారు. 1925 ఫిబ్రవరి 3న అక్కడే కన్నుమూశాడు. వయసు 74. ఆపిల్టన్, బార్నెట్‌ల ఫలితం నేచర్ పత్రికలో అచ్చయింది మార్చి 7న. మధ్యలో ఉన్నది 32 రోజులు.

ఆపిల్టన్‌కి 1947లో నోబెల్ వచ్చింది. ఆ పొరకి ఆయన ఇ అనే అక్షరం పెట్టుకున్నాడు. కింది దానికి డి, పై దానికి ఎఫ్ అయ్యాయి. పాఠ్యపుస్తకాల్లో ఆ అక్షరాలే నిలిచాయి. తమిళనాడు తిరునల్వేలి జిల్లాలో నేవీ వీఎల్ఎఫ్ స్టేషన్ ఐఎన్ఎస్ కట్టబొమ్మన్ 1990 నుంచి ఈ డి పొర కిందుగానే సబ్‌మెరైన్లకి కబుర్లు పంపుతోంది. దామగుండంలో వచ్చేది దేశంలో రెండోది.

హెవిసైడ్‌ని పెయింటన్ ఊరి శ్మశానంలో అమ్మానాన్నల సమాధిలోనే పూడ్చారు. రాయి మీద పైన వాళ్ల పేర్లు ఉంటాయి. ఆయన పేరు అడుగున ఉంటుంది.